జానెడు కారు: చేతికి మేలు, ఊపిరికి జాగ్రత్త



ఆరోగ్య పత్రికలో కార్ల ముచ్చట ఎందుకని మీరు అనుకోవచ్చు. బయటి దేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు తెచ్చే కానుకల్లో ఈమధ్య ఒక రకం అట్టపెట్టెలు కనబడుతున్నాయి. మూత మీద పాతకాలపు అమెరికా కారు రంగుల చిత్రం ఉంటుంది. తెరిచి చూస్తే కారు ఉండదు, ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. వాటిని కోసి, అతికించి, రంగు వేసుకుని మనమే కారు తయారు చేసుకోవాలి.

ఇలాంటి పెట్టె ఇంటికి వచ్చినవారు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "మా నాయనకు పక్షవాతం వచ్చి తగ్గింది, ఇది కడితే చేతికి మంచిదేనా?" అన్నది మొదటిది. "ఆ జిగురు వాసనకు పిల్లలకు ఏమన్నా అయితదా?" అన్నది రెండవది. రెండింటికీ మా జవాబు ఒకటే: అవును. మేలు ఉంది, కీడు కూడా ఉంది. ఏ పని దగ్గర మేలు, ఏ పని దగ్గర కీడు అనేది తెలిస్తే భయం అక్కరలేదు. అందుకే ఈ సంచికలో దీని గురించి వివరంగా రాస్తున్నాము.

పెట్టెలో ఉండేది ఏమిటి?

దీన్ని స్కేల్ మోడల్ కిట్ అంటారు. అసలు కారులోని ప్రతి భాగాన్నీ ఒకే లెక్కన తగ్గించి అచ్చు పోస్తారు. అమెరికా కార్ల కిట్లు ఎక్కువగా 1/24 లేదా 1/25 కొలతలో వస్తాయి. 1/25 అంటే అసలు కారులో 25 అంగుళాలు ఉన్నది బొమ్మలో ఒక అంగుళం అవుతుంది. 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్ కారు పొడవు 200 అంగుళాలు, అంటే పదహారు అడుగుల 8 అంగుళాలు. దాని బొమ్మ 8 అంగుళాలు వస్తుంది. వెనుక వైపు చేప రెక్కల్లా రెండు రెక్కలు లేచి ఉండే 1959 నాటి కాడిలాక్ 225 అంగుళాల బండి, దాని బొమ్మ 9 అంగుళాలు. మన లెక్కలో చెప్పాలంటే జానెడు కారు.

ఈ పని మొదట వ్యాపారం కోసం పుట్టింది. అమెరికాలోని డెట్రాయిట్ కార్ల కర్మాగారాలకు పేరుపొందిన నగరం. 1948లో అక్కడ ఏ.ఎం.టి. అనే సంస్థ మొదలైంది. కొత్త కార్ల నమూనాలను చిన్నగా చేసి కార్ల షాపులకు ఇచ్చేది. కారు చూడడానికి వచ్చినవారి పిల్లల చేతిలో షాపువారు ఆ బొమ్మ పెట్టేవారు. 1950లలో రెవెల్, మోనోగ్రామ్ అనే సంస్థల ప్లాస్టిక్ కిట్లు కూడా బాగా వ్యాపించాయి. 1958లో ఏ.ఎం.టి. ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే ముక్కలు పెట్టి అమ్మింది. కంపెనీ నుంచి వచ్చినట్టే కట్టవచ్చు, సొంత ఇష్టం ప్రకారం మార్చి కట్టవచ్చు, పందెపు కారుగా కూడా కట్టవచ్చు. అప్పుడు బడి పిల్లలుగా ఉండి వాటిని కట్టినవారు ముసలివారయ్యాక కూడా అవే కార్లు మళ్లీ కడుతూ ఉంటారు.

మనకు ఈ కార్లు అంత పరాయివి కావు. జనరల్ మోటార్స్ వారు 1928లోనే బొంబాయిలో కార్ల భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. విడిభాగాలు ఇక్కడే తయారు కావాలని ప్రభుత్వం పట్టుబట్టాక 1950లలో ఆ పని మానుకున్నారు. కానీ ఒక అమెరికా బండి మాత్రం మన దగ్గరే ఉండిపోయింది. అదే జీపు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ చేసిన బండి అది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రా వారు దాన్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. బోథ్ నుంచి అడవి దారిన ఊళ్లకు పోయిన పెద్దలను అడగండి, జీపు వెనుక కడ్డీ పట్టుకుని వేలాడిన ముచ్చట చెబుతారు. యుద్ధకాలపు జీపు పొడవు 11 అడుగులే. 1/24 కొలతలో అయిదున్నర అంగుళాల బొమ్మ అవుతుంది. మొదటిసారి కట్టేవారికి ఎవరైనా కొని పంపుతామంటే జీపునే అడగండి. పైకప్పు లేదు కాబట్టి లోపలి ముక్కలు పెట్టడానికి వేళ్లు సులువుగా పోతాయి.

నిర్మల్ బొమ్మతో చుట్టరికం

ఇది విదేశీ పని కదా, మనకెట్లా వస్తుంది అని కొందరు వెనుకాడతారు. ఇదే వరుస పనికి మన పక్కనున్న నిర్మల్ ఎన్నో తరాలుగా పేరుపొందింది. అక్కడి నకాషీ కళాకారులు పొణికి కొయ్యతో పండ్లు, పక్షులు, జంతువులు చేస్తారు. పొణికి తేలికైనది, మెత్తనిది, చాకుకు తేలిగ్గా తెగుతుంది. తొలిచిన ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ ముద్దతోనే సందులు పూడుస్తారు. ఆరిన తరువాత సుద్ద పూత పూసి, నునుపు చేసి, రంగు వేస్తారు. చివరికి సన్నని కుంచెతో కన్ను, రెక్క, ఆకు ఈనె దిద్దుతారు.

కారు కిట్ కట్టేవారు చేసేదీ ఇదే. ముక్కను చట్రం నుంచి కోస్తారు. జిగురుతో అతికిస్తారు. సందులను మెత్తని లప్పంతో పూడుస్తారు. గరుకు కాగితంతో రుద్దుతారు. ముందుగా ప్రైమర్ అనే అస్తరు పూత, దాని మీద రంగు, చివరికి సన్నని మెరుగులు. నిర్మల్‌లో కొయ్య, అక్కడ పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్. వరుస మాత్రం ఒకటే.

తేడా జిగురులోనూ రంగులోనూ ఉంది. చింతగింజల జిగురు వాసన పీల్చి ఎవరూ ఆసుపత్రికి రారు. ప్లాస్టిక్ జిగురు అలాంటిది కాదు. నిర్మల్‌లో కూడా పూర్వం ఆకులు, ఖనిజాల నుంచి తీసిన రంగులు వాడేవారు, తరువాతి కాలంలో ఎనామిల్ రంగులు వచ్చాయి. కాబట్టి కింద చెప్పే జాగ్రత్తలు కారు కట్టేవారికే కాదు, బొమ్మలకు, తలుపులకు, బోర్డులకు రంగులు వేసే అన్నదమ్ములందరికీ పనికి వస్తాయి.

చేతికి ఏమి మేలు?

మన చేతికి రెండు రకాల పట్టు ఉంటుంది. గొడ్డలి కామను గుప్పిట బిగించి పట్టుకోవడం బలమైన పట్టు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సూదిని పట్టుకోవడం సన్నని పట్టు. పక్షవాతం తరువాత, మణికట్టు విరిగి కట్టు విప్పిన తరువాత, చాలామందికి బలమైన పట్టు ముందు వస్తుంది. సన్నని పట్టు ఆలస్యంగా వస్తుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి, మాత్రను రేకు నుంచి తీయడానికి, లెక్కపెట్టి డబ్బు ఇవ్వడానికి ఈ సన్నని పట్టే కావాలి.

ఒక జీపు డ్రైవరన్న మా వార్డులో ఉన్నప్పుడు ఫిజియోథెరపీ వ్యాయామాలు చేయనని మొండికేశాడు. రబ్బరు బంతి నొక్కమంటే, "సిస్టరమ్మా, ఈ చెయ్యి ఇగ నాది కాదు, ఇడిసిపెట్టుండ్రి" అనేవాడు. ఆయన చెల్లెలి కొడుకు ఒక జీపు కిట్ తెచ్చాడు. ముక్కలు కోసే పని పిల్లవాడిది. టైరును చక్రానికి ఎక్కించే పని మామది. మొదటి రోజు నాలుగు టైర్లలో ఒక్కటే ఎక్కింది. అయినా, "ఇది తప్పు పెడుతున్నవురా, స్టెప్నీ వెనక ఉంటది" అని చాలా రోజుల తరువాత గొంతు పెంచి మాట్లాడాడు. వ్యాయామాలు కూడా అప్పటి నుంచి చేశాడు. చేతిని నయం చేసింది కిట్ అని మేము చెప్పడం లేదు. మందులు, వ్యాయామం, కాలం కలిసి చేశాయి. కానీ ఆ చేయి తనదే అని ఆయనకు గుర్తుచేసింది ఆ జీపే.

ఇలా చేతిపనిని వైద్యంలో భాగం చేయడం మన దేశపు ఆసుపత్రుల్లో కొత్త కాదు. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరుకు వచ్చారు. కుష్ఠు వ్యాధి వల్ల వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స చేసి వాటిని మళ్లీ కదిలేలా చేశారు. ఆ తరువాత ఆ చేతులకు పని కావాలని రోగులకు వడ్రంగం నేర్పించారు. అక్కడే ఆయన ఒక విషయం గమనించారు. స్పర్శ లేని చేయి పనిముట్టును అవసరానికి మించి బిగించి పట్టుకుంటుంది, పుండు పడినా తెలియదు. అందుకే పనిముట్ల పిడులు మార్పించారు, పని ముగిశాక చేతులను కళ్లతో చూసి పరీక్షించుకోవాలని నేర్పారు. ఈ మాట షుగర్ వల్ల వేళ్లు మొద్దుబారినవారికి కూడా అంతే వర్తిస్తుంది.

రోగులు ఈ పని మొదలుపెట్టేటప్పుడు ఇవి పాటించండి.

1. ముందు డాక్టరు గారిని, ఫిజియోథెరపీ వారిని అడగండి. కంటి ఆపరేషన్ అయినవారు వారు ఒప్పుకునే వరకు ఆగాలి.

2. పెద్ద ముక్కలతో మొదలుపెట్టండి: టైర్లు, సీట్లు, బాడీ. అద్దం, స్టీరింగు తరువాత.

3. ఒకసారికి 20 నిమిషాలు చాలు. తరువాత భుజం, మెడ, వేళ్లు కదిలించండి. దూరంగా ఉన్న చెట్టును కాసేపు చూడండి, కళ్లకు విశ్రాంతి.

4. బల్ల మీద తడిపి పిండిన గుడ్డ పరిస్తే ముక్కలు జారవు. అతికించినవి కదలకుండా బట్టల క్లిప్పులు వాడండి.

5. బలహీనమైన చేతికి ముక్క ఇవ్వండి, బ్లేడు ఇవ్వకండి.

కోసేటప్పుడు

ముక్కలన్నీ ఒక చట్రానికి సన్నని తొడిమలతో అంటుకుని ఉంటాయి. చేత్తో విరిస్తే ముక్క చిరుగుతుంది. నెయిల్ కట్టరుతో తొడిమను కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొలకను గరుకు కాగితంతో రుద్దాలి. బ్లేడు వాడవలసి వస్తే ముక్కను చేతిలో పట్టుకుని కోయకండి. చెక్క మీద పెట్టి, మీ వైపు కాకుండా అవతలి వైపు కోయండి. మొద్దు బ్లేడుకు ఎక్కువ బలం పెడతాము, అందుకే అది జారి లోతుగా తెగుతుంది.

తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చేయి పైకెత్తి, 10 నిమిషాలు విప్పి చూడకుండా పట్టుకోండి. తరువాత మంచి నీటితో, సబ్బుతో కడగండి. సున్నం, కాఫీ పొడి, పసుపు పెట్టకండి. అవన్నీ మేము మళ్లీ కడిగి తీయవలసి వస్తుంది, అది మీకే నొప్పి. లోతుగా తెగినా, వేలు వంగకపోయినా, స్పర్శ తెలియకపోయినా వెంటనే రండి. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంచుకుని చెప్పండి.

రుద్దేటప్పుడు నీటిలో తడిపి వాడే గరుకు కాగితం తీసుకోండి. తడిగా రుద్దితే పొడి గాలిలోకి లేవదు. ఉబ్బసం ఉన్నవారికి, క్షయకు మందులు వాడుతున్నవారికి ఇది చాలా ముఖ్యం. కొయ్యపొట్టు కూడా ఇలాంటిదే, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

అతికించేటప్పుడు

ప్లాస్టిక్ కిట్ల జిగురు మనం అనుకునే బంక కాదు. దానిలోని ద్రావకం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ కలిసిపోయి, ద్రావకం గాలిలోకి ఎగిరిపోయాక ఒకే ముక్క అవుతుంది. ఎగిరిపోయినది ఎక్కడికి పోతుంది? తలుపులు మూసి ఉంటే మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కొన్ని జిగురుల్లో, థిన్నర్లలో టోలుయిన్ వంటి ద్రావకాలు ఉంటాయి. వాటి ఆవిరి గాలికంటే బరువు, నేల మీదికి దిగుతుంది. కుర్చీలో కూర్చున్న మనకంటే కింద పాకే పసిపిల్లకు, చాప మీద పడుకున్న ముసలమ్మకు అది ఎక్కువగా తగులుతుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదటి గుర్తులు. ఆ గుర్తు కనబడగానే లేచి బయటికి రావాలి. ఇంకొక ప్రమాదం నిప్పు. పొయ్యి, దీపం, దోమల చక్రం వెలుగుతున్న గదిలో ఈ సీసా మూత తీయకండి. వసారాలో, గాలి వచ్చే చోట కూర్చోండి. కిటికీ ఉంటే గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి ముందుకు పోయేలా కూర్చోండి. గర్భిణీ స్త్రీలు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు వేరే రకం. అది చర్మాన్ని కూడా అతికిస్తుంది. వేళ్లు అతుక్కుంటే లాగకండి, తోలు ఊడుతుంది. గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి మెల్లగా దొర్లించి విడదీయండి. కంట్లో పడితే రెప్పను బలవంతంగా తెరవకుండా 15 నిమిషాలు నీళ్లు పోసి కడిగి ఆసుపత్రికి రండి. పత్తి పండించే మన ప్రాంతంవారు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒకటి ఉంది. ఈ జిగురు దూదికి, నూలు గుడ్డకు తగిలితే వేడి పుట్టి చర్మం కాలవచ్చు. కాబట్టి ఒలికిన జిగురును దూదితో తుడవకండి.

కారు అద్దాలకు ఈ రెండు జిగురులూ వద్దు. ఒకటి అద్దాన్ని కరిగిస్తుంది, రెండవదాని ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. పిల్లలు బడిలో వాడే తెల్ల ఫెవికాల్ చాలు, ఆరితే కనబడదు. అద్దానికీ మంచిది, ఊపిరికీ మంచిది.

రంగు వేసేటప్పుడు

రంగుకు ముందు ముక్కలను సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. వానాకాలంలో, గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు కొన్ని రంగులు తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతాయి. ఎండ కాసే పూట చూసుకోండి. ఆరబెట్టడానికి మాత్రం మండుటెండలో పెట్టకండి, ప్లాస్టిక్ వంగిపోతుంది.

నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు వాడమని మా సలహా. కుంచెను నీళ్లలోనే కడగవచ్చు, థిన్నర్ సీసా ఇంట్లోకి రానక్కర లేదు. స్ప్రే డబ్బా వాడితే బయటే, గాలికి ఎదురుగా కాకుండా, మాస్కు పెట్టుకుని వాడండి. మామూలు గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపుతుంది కానీ ద్రావకం ఆవిరిని ఆపదని గుర్తుంచుకోండి.

పాత రంగు డబ్బాలతో ఇంకొక ప్రమాదం సీసం. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు కొని అటక మీద పెట్టిన డబ్బాను బొమ్మలకు వాడకండి.

కుంచె మొన సన్నగా రావడానికి నాలుకతో, పెదవితో తడపడం చాలామందికి అలవాటు. అమెరికాలో 1920లలో గడియారాల అంకెలకు రేడియం కలిపిన రంగు వేసే అమ్మాయిలు ఇలాగే పెదవులతో మొన సరిచేసుకునేవారు. ఎందరికో దవడ ఎముకలు పాడయ్యాయి, కొందరు చనిపోయారు. ఇప్పటి రంగుల్లో రేడియం లేదు కానీ నోట్లో పెట్టుకోదగిన రంగు ఏదీ లేదు. కుంచెను తడిగుడ్డకు తిప్పి మొన తీయండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే అన్నం.

చివరి మెరుగుల్లోనే ఈ పని అందం ఉంది. ఆ కాలపు కార్లకు రెండు రంగులు ఉండేవి, కింద ఎరుపు పైన తెలుపు లాగా. ఒక రంగు ఆరాక దానిపై టేపు అంటించి రెండవది వేస్తే గీత తిన్నగా వస్తుంది. తలుపు సందుల్లో బాగా పలచన చేసిన నల్ల రంగు ఒక చుక్క వదిలితే అదే పారి గీత గీస్తుంది, తలుపు తెరుచుకుంటుందేమో అనిపిస్తుంది. వెండి పట్టీలకు సన్నని అల్యూమినియం రేకు అంటిస్తారు. ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు ఎనిమిది స్పార్క్ ప్లగ్గు తీగలు ఉంటాయి. పాడైన వైరులోని రాగి పోగులు తీసి ఆ ఎనిమిదింటినీ పెట్టేవారు ఉన్నారు. గాయానికి కుట్లు వేసేటప్పుడు మా నర్సులు ఫోర్సెప్స్ పట్టే ఓర్పు ఇక్కడ కావాలి.

ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే

ఇప్పుడు చెప్పేది అన్నింటికంటే ముఖ్యం. థిన్నర్, టర్పెంటైన్, కిరోసిన్ ఎప్పుడూ నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోయకండి. దాహం వేసిన పిల్లకు సీసా ఆకారమే తెలుసు. ఒక్క గుక్క తాగి దగ్గినా చాలు, అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ఇలా వచ్చిన పిల్లలను రాత్రంతా ఆక్సిజన్ పెట్టి కాపాడుకోవడం ఎంత కష్టమో వార్డు నర్సులకు తెలుసు.

అలా జరిగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు తాగించకండి, గొంతులో వేలు పెట్టకండి. మొదటిసారి లోపలికి పోయేటప్పుడు జరగని హాని వాంతితో పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తులకు జరుగుతుంది. తడిసిన బట్టలు తీసివేసి, ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయండి లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ సీసాను కూడా వెంట తీసుకురండి. పిల్ల బాగానే ఆడుకుంటున్నదని ఇంటి దగ్గర ఉంచుకోకండి. ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా మొదలు కావచ్చు.

చిన్న ముక్కలు కూడా ప్రమాదమే. మూడేళ్లలోపు పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు. హెడ్‌లైటు ముక్క గొంతులో అడ్డుపడుతుంది. పని ముగియగానే ముక్కలు మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఎత్తున పెట్టండి.

ఎదిగిన పిల్లల విషయం

1960లలో అమెరికాలో కొందరు పిల్లలు కార్లు కట్టడం మాని జిగురు పీల్చడం మొదలుపెట్టారు. అక్కడి ఊళ్లలో పిల్లలకు ఆ జిగురు అమ్మకూడదని చట్టాలు వచ్చాయి. ఆ దశాబ్దం చివరలో ఒక పెద్ద తయారీ సంస్థ, పీలిస్తే ముక్కు మండేలా ఆవాల ఘాటును జిగురులో కలిపింది. మన దగ్గర ఇదే వ్యసనం వైట్‌నర్, పంక్చర్ జిగురు రూపంలో వచ్చింది. వైట్‌నర్, థిన్నర్ సీసాల్లో అమ్మడంపై 2012లో కేంద్ర ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది.

ఇది చిన్న అలవాటు కాదు. మత్తు కోసం గట్టిగా పీల్చినప్పుడు గుండె కొట్టుకోవడం తప్పి మొదటిసారే ప్రాణం పోవచ్చు. ఎక్కువ కాలం పీలిస్తే నరాలు, మెదడు దెబ్బతింటాయి. బట్టలకు రసాయనం వాసన, ముక్కు నోటి చుట్టూ పుండ్లు, ఎర్రని కళ్లు, తూలడం, జేబులో తడి రుమాలు కనబడితే తల్లిదండ్రులు గమనించాలి. కొట్టకండి, నలుగురిలో పరువు తీయకండి. మత్తులో ఉన్న పిల్లవాడిని తరమకండి, పరుగు, భయం గుండెకు ప్రమాదం. కూర్చోబెట్టి, గాలి ఆడనిచ్చి, మా దగ్గరికి తీసుకురండి. ఎవరి బిడ్డ అన్న మాట బయటికి పోదు.

అందుకే కిట్ కట్టే పిల్లవాడిని ఒంటరిగా గదిలో వదలకండి. జిగురు పెద్దల దగ్గర ఉండాలి. మామ, తాత, పిల్లవాడు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే జాగ్రత్తా జరుగుతుంది, ముచ్చటా జరుగుతుంది.

కిట్ లేకపోతే?

కిట్లు ఖరీదైనవి. అప్పు చేసి కొనవద్దు. పొలాల అమావాస్యకు మన పిల్లలు మట్టి ఎడ్లు చేస్తారు. జొన్న బెండుతో, ఈనెలతో బండి కట్టడం మన తాతలకు వచ్చు. మందుల అట్టపెట్టెలు, సీసా మూతలు, ఫెవికాల్, నీటి రంగులు ఉంటే జీపు తయారు చేయవచ్చు. ఎదురుగా ఉన్న బండిని టేపుతో కొలిచి, ప్రతి కొలతనూ 24తో భాగించి అట్ట మీద గీయండి. పిల్లలకు లెక్కలు వస్తాయి, పెద్దలకు వేళ్లు కదులుతాయి, ఇంట్లోకి ఒక్క చుక్క థిన్నర్ రాదు.

గోడకు అంటించుకోండి

1. గాలి వచ్చే చోట కూర్చోవాలి. దగ్గర నిప్పు ఉండకూడదు.
2. నీటి రంగు, తెల్ల జిగురు వాడగలిగిన చోట అవే వాడాలి.
3. థిన్నర్‌ను తాగే సీసాలో పోయకూడదు. తాగితే వాంతి చేయించకూడదు.
4. కుంచె నోట్లో పెట్టకూడదు. చేతులు కడిగాకే అన్నం.
5. మొద్దుబారిన వేళ్లను పని ముగిశాక వెలుతురులో చూసుకోవాలి.
6. తల తిరిగితే పని ఆపి బయటికి రావాలి.

ఇంటికి పెట్టె వచ్చి, అందులోని జిగురు, రంగు ఎలాంటివో తెలియకపోతే, మూత తీయకుండా చెకప్‌కు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. పైన రాసింది చదివి, ఏది వాడవచ్చో ఏది పక్కన పెట్టాలో మేము చెబుతాము.